తేటనూనె, చీకటిమూల

తెలుగునాట నూనెవర్తకు లెంతటి మన్ననకు పాత్రులైరో 1086 ప్రాంతపు టేకి తామ్రశాసనము చాటును: తెలికి కులపు వధూవరులు రాజవీథిలో గుఱ్ఱమెక్కి ఊరేగు గౌరవమును వేంగి పాలకుడు రాజరాజ చోడగంగుడు అందు ప్రసాదించెను. పూర్వము ఎద్దుగానుగ నుండి దిగిన నువ్వులనూనెను కదల్పక తేరనిచ్చి, మడ్డి అడుగంటిన పిదప తేటను మాత్రమే మెల్లగా వంచి, ప్రయాణమునకు తోలుసిద్దెలలోను, ఇంటికి జాడీలలోను పోసి, మూతికి గుడ్డ బిగించి, చీకటిమూల నుంచెడివారు. నువ్వులనూనెకు సహజరక్షణ కలదు. నేడు మనము కొను అక్రోటునూనెకు, పాపము, అంతటి నిబ్బరము లేదు, గాలి వెలుతురు వేడి సోకిన త్వరలోనే కనరు వాసన పట్టును. కావున చిన్నసీసాయే కొని, మూత బిగించి ఫ్రిజ్జులో నుంచుడు. పాతనూనెపై క్రొత్తది పోయకుడు.