మెండలీవ్ విడిచిన ఖాళీ గళ్ళు

తాళపత్రంలో చెదలు తిన్నచోట ఏ అక్షరం ఉండేదో పరిష్కర్త ఊహించగలడు. పాదంలో రెండవ అక్షరమైతే ప్రాస చెబుతుంది. యతిస్థానమైతే పాదంలోని మొదటి అక్షరం చెబుతుంది. గురులఘువులను గణం తేలుస్తుంది. ప్రత్యంతరం దొరికిననాడు ఆ ఊహ నిలిచేదీ లేనిదీ తెలుస్తుంది. రసాయనశాస్త్రంలో ఇటువంటి పరిష్కరణ చేసినవాడు రష్యా దేశీయుడైన ద్మిత్రీ మెండలీవ్.

1869 నాటికి తెలిసిన మూలకాలు 63. వాటిని పరమాణు భారాల క్రమంలో పేర్చి, సమాన గుణాలు గలవాటిని ఒక వర్గంలో చేర్చబోగా కొన్నిచోట్ల వరుస తప్పింది. ఆయన మూలకాలను ముందుకు జరిపి ఆ లోపాన్ని కప్పిపుచ్చలేదు. గళ్ళను ఖాళీగానే విడిచాడు. వాటిలో మూడింటిని ఏక-బోరాన్, ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని వ్యవహరించి, 1871లో వాటి గుణాలను సైతం వివరించాడు. ఆ "ఏక" మన సంస్కృత సంఖ్యావాచకమే. వర్గంలో ఆ మూలకం తరువాతి మొదటి స్థానమని భావం. ఆయన పనిచేసిన పీటర్స్‌బర్గు నుండే 1855-75 నడుమ బోట్లింక్, రోట్ పండితుల బృహత్ సంస్కృత-జర్మన్ నిఘంటువు వెలువడిందన్నది గమనార్హం.

ఏక-సిలికాన్ లెక్క చూడండి. పైన సిలికాన్ 28, క్రింద తగరం 118. ఒకవైపు, మరొక ఖాళీని దాటితే, జింకు 65. రెండవవైపు ఆర్సెనిక్ 75. నాల్గింటి సగటు 71.5. మెండలీవ్ చెప్పిన భారం 72, సాంద్రత 5.5. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గులో వింక్లర్ ఒక వెండి ఖనిజాన్ని విశ్లేషిస్తూ ఉండగా, ఎన్నిమార్లు లెక్కించినా మొత్తంలో సుమారు 7 శాతం తగ్గుతూనే వచ్చింది. ఆ తరుగులో దాగినదే జర్మేనియం. దాని భారం 72కు మిక్కిలి చేరువ. ఆయన కొలిచిన సాంద్రత 5.47.

అంతకు ముందే, 1875లో, ఫ్రాన్సులో లకోక్ ద బ్వాబోద్రాన్ వర్ణపటంలోని రెండు ఊదారేఖల ఆధారంగా గాలియాన్ని కనుగొన్నాడు. అదే ఏక-అల్యూమినియం. సాంద్రత 4.7 అని ఆయన ప్రకటించగా, 5.9 ఉండవలెనని, లోహాన్ని ఇంకా శుద్ధి చేయవలెనని మెండలీవ్ తెలియజేశాడు. లోహం చేతనున్నవానికి దానిని కంట చూడనివాడు పాఠదోషం చూపడమన్నమాట! శుద్ధిచేసి తిరిగి కొలిస్తే 5.9 అనే తేలింది. 1879లో స్వీడన్‌లో నిల్సన్ కనుగొన్న స్కాండియంతో ఏక-బోరాన్ గడి కూడా నిండింది.

ఆ ధైర్యం మరొకచోట హద్దు దాటింది. భారాలను బట్టి టెల్లూరియం అయొడిన్ తరువాత రావాలి. గుణాలను బట్టి ముందు రావాలి. మెండలీవ్ గుణాలనే నమ్మి ముందుంచాడు. అది సరియే. అయితే టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచారని, అది 123-126 నడుమ ఉండవలెనని కూడా అన్నాడు. అందులో లేఖకదోషం ఏమీ లేదు. నేటి కొలతలలోనూ టెల్లూరియం 127.6, అయొడిన్ 126.9. క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, పరమాణు సంఖ్య అని 1913లో మోస్లే ఎక్స్-కిరణాల పరిశోధన తెలిపింది. టెల్లూరియం 52, అయొడిన్ 53. మెండలీవ్ 1907లోనే కన్నుమూశాడు.

ఛందస్సు నెరిగినవాడు శిథిలాక్షరాన్ని పూరించవచ్చును. ప్రతిలో స్పష్టంగా కనబడే అక్షరం ఛందస్సుకు లొంగనప్పుడు మాత్రం దానిని దిద్దే ముందు, తానెరిగిన లక్షణమే అసంపూర్ణమేమో అని ఒకమారు యోచించవలసి ఉంటుంది.