బాణీ మిగిలింది, మాటలు ఏమయ్యాయి?

బెల్‌ఫాస్ట్‌లో మా ఇంటి దగ్గర ఒక పబ్ ఉంది. మంగళవారం రాత్రి అక్కడ ఒక మూల బల్ల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని వాయిస్తారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, టికెట్టు ఉండదు. ఫిడేలు, చెక్క ఫ్లూటు, బోరాన్ అనే చేతి డప్పు, అంతే. ఎవరో ఒకరు బాణీ ఎత్తుకుంటారు. వచ్చినవాళ్ళు కలుస్తారు, రానివాళ్ళు వింటారు. నేను వినే జట్టు.

మొదటిసారి వెళ్ళిన రోజు వాళ్ళు ‘రేక్స్ ఆఫ్ మాలో’ మొదలుపెట్టారు. కాసేపటికి చూసుకుంటే నా పెదాలు కదులుతున్నాయి. పక్కనున్న ఫిడేలు పెద్దాయన, “ఈ పాట నీకెలా తెలుసు?” అని అడిగాడు. “నాకు సంస్కృతంలో తెలుసు” అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు.

జోక్ కాదు. మీలో కర్ణాటక సంగీతం క్లాసుకి వెళ్ళినవాళ్ళకి ‘వందే మీనాక్షి’ గుర్తుండే ఉంటుంది. అది ముత్తుస్వామి దీక్షితార్ (1775–1835) రాసిన నొట్టుస్వరం. ‘నోట్’ అనే ఇంగ్లీషు మాట నుంచే ఆ పేరు వచ్చింది. దీక్షితార్ చిన్నప్పుడు మద్రాసు పక్కన మణలిలో ఉండేవాడు. ఆ రోజుల్లో మద్రాసులో కంపెనీ బ్యాండ్లు వాయించే బాణీలు ఆయన చెవిన పడ్డాయి. వాటిలో కొన్నింటికి దేవుళ్ళ మీద సంస్కృతంలో మాటలు కట్టాడు. మాలో అనేది ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలో ఒక ఊరు. ఆ ఊరి తాగుబోతు కుర్రాళ్ళ మీద కట్టిన పాట ఓడెక్కి వచ్చి మీనాక్షి అమ్మవారి పాట అయింది. బాణీ అదే, మాటలు వేరు.

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ దీని గురించే ఆలోచించాను. బాణీకి పాస్‌పోర్టు అక్కర్లేదు. మరి మాటలకు?

నాకు ఈ సంగీతం మీద పిచ్చి నాన్న వల్ల పట్టుకుంది. ఆయన 1981లో డాక్టరుగా ఇంగ్లండ్ వచ్చారు. మరుసటి ఏడు టీవీలో ‘హ్యారీస్ గేమ్’ అనే సీరియల్ వచ్చింది. కథ బెల్‌ఫాస్ట్ గొడవల గురించి. దాని పాట పాడింది క్లానడ్ అనే బృందం. డానెగాల్ కౌంటీలో గ్వీడోర్ అనే ఊరు వాళ్ళది. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ అక్క మోయా బ్రెనన్, ఇద్దరు మేనమామలు. ఐదుగురూ ఒకే కుటుంబం. ఆ పాట ఐరిష్ భాషలో ఉంది. ఐరిష్ అంటే ఇంగ్లీషుకి ఒక యాస అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు, అది పూర్తిగా వేరే భాష. ఆ పాట బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్ళింది. ఐరిష్ భాషలో ఉన్న పాట అక్కడ మొదటి పదిలోకి రావడం అదే మొదటిసారి.

నాన్న ఆ క్యాసెట్ కొన్నారు. నేను పుట్టాక కూడా అది కారులో మోగుతూనే ఉండేది. “దీని అర్థం ఏంటి నాన్నా?” అని అడిగితే, “అర్థం దేనికమ్మా, విను” అనేవారు. చాలాకాలం ఆ జవాబు నాకు బాగా నచ్చింది. ఇప్పుడు అంతగా నచ్చడం లేదు. ఎందుకో చెప్పాలంటే బెల్‌ఫాస్ట్‌లో 1792లో జరిగిన ఒక సభ గురించి చెప్పాలి.

ముందు ఒక చిన్న మాట. హార్ప్‌ని తెలుగులో ఏమనాలో వెతికాను. కొందరు వీణ అని రాస్తున్నారు. కానీ వీణకి మెట్లు ఉంటాయి, ఒకే తీగ మీద ఎన్నో స్వరాలు పలికించవచ్చు. హార్ప్‌లో స్వరానికొక తీగ. అందుకని హార్ప్ అనే రాస్తాను. తప్పయితే దిద్దండి.

పాతకాలం ఐర్లండ్‌లో హార్ప్ వాయించేవాళ్ళు జమీందార్ల ఇళ్ళలో బతికేవారు. చాలామంది గుడ్డివాళ్ళు. మశూచి వచ్చి చూపు పోయిన పిల్లాడికి హార్ప్ నేర్పించేవారు, బతుకుతెరువు ఉంటుందని. వీళ్ళలో అందరికంటే పేరున్న టర్లో ఓ కారొలన్ (1670–1738) కథ అదే. 18 ఏళ్ళకి చూపు పోయింది. మక్‌డెర్మట్ రో అనే ఇంటి ఇల్లాలు అతనికి హార్ప్ నేర్పించి, ఒక గుర్రం ఇచ్చి, దారి చూపడానికి ఒక మనిషిని ఇచ్చి పంపింది. అతను కట్టిన బాణీలు రెండు వందలకు పైగా ఇప్పటికీ ఉన్నాయి. మంగళవారం పబ్‌లో అతని బాణీ ఒకటైనా రాకుండా ఉండదు.

కారొలన్ పోయాక యాభై ఏళ్ళకి ఆ లోకం కూడా పోయే స్థితికి వచ్చింది. పాత జమీందారీ కుటుంబాలు చితికిపోయాయి, హార్ప్ విని కూడు పెట్టే ఇళ్ళు తగ్గిపోయాయి. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లో కొంతమంది పెద్దమనుషులు పత్రికల్లో ప్రకటన వేసి, మిగిలిన హార్ప్ కళాకారులందరినీ పిలిచారు. 1792 జులైలో అసెంబ్లీ రూమ్స్ అనే భవనంలో సభ. ఆ భవనం ఇప్పటికీ ఉంది. నేను దాని ముందు నుంచే బస్సుకి వెళ్తాను.

దేశం మొత్తానికి ప్రకటన వేస్తే వచ్చింది పది మంది. పదకొండో అతను వేల్స్ నుంచి వచ్చాడు. రోజ్ మూనీ ఒక్కతే ఆడమనిషి. మొదటి బహుమతి పది గినీలు చార్ల్స్ ఫానింగ్‌కి దక్కింది. కానీ నాకు బహుమతి గెలిచినవాడికంటే డెనిస్ హెంప్సన్ మీదే అభిమానం. అప్పటికే తొంభై దాటిన గుడ్డి ముసలాయన. పాత పద్ధతిలో ఇత్తడి తీగల్ని పొడుగాటి గోళ్ళతో మీటేవాడు. మిగిలినవాళ్ళంతా అప్పటికే వేలి కొసలతో వాయిస్తున్నారు.

వాళ్ళు వాయిస్తుంటే రాసుకోవడానికి నిర్వాహకులు ఒక కుర్రాడిని పెట్టారు. పేరు ఎడ్వర్డ్ బంటింగ్, వయసు 19, చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. మూడు నాలుగు రోజుల పనికి పిలిస్తే అతను జీవితాంతం అదే పని చేశాడు. హెంప్సన్ ఇంటికి వెళ్ళి మరీ రాసుకున్నాడు. 1796లో 66 బాణీలతో మొదటి పుస్తకం వేశాడు. తర్వాత 1809లో ఒకటి, 1840లో ఒకటి. బంటింగ్ లేకపోతే ఆ సంగీతంలో సగం మనకి ఉండేది కాదు. ఈ మాట మొదట చెప్పాకే మిగిలింది చెప్పాలి.

మిగిలింది ఏమిటంటే, బంటింగ్‌కి ఐరిష్ రాదు.

ఆ మొదటి పుస్తకంలో ఒక్క పాటకీ మాటలు లేవు. బాణీలన్నీ పియానో కోసం సర్ది ఉన్నాయి, ఎందుకంటే పుస్తకం కొనేవాళ్ళ ఇళ్ళలో ఉన్నది పియానో. పుస్తకం వచ్చిన కొన్నేళ్ళకి థామస్ మూర్ అనే కవి ఆ బాణీల్లో కొన్ని తీసుకుని ఇంగ్లీషు మాటలు కట్టాడు. 1808 నుంచి వచ్చిన ఆ పాటలతో మూర్‌కి గొప్ప పేరూ డబ్బూ వచ్చాయి. బంటింగ్‌కి కడుపు మండింది. నాకు మూర్ మీద కోపం లేదు. దీక్షితార్ చేసిందీ అదే కదా. తేడా ఒక్కటే: దీక్షితార్ మాటలు కట్టినందువల్ల మాలోలో ఎవరి మాటలూ పోలేదు. ఐర్లండ్‌లో అప్పుడు భాషే పోతోంది.

అసలు మాటలు కూడా కావాలని బంటింగ్‌కి తోచింది. 1802లో పాట్రిక్ లించ్ అనే అతన్ని పశ్చిమాన ఉన్న కొన్నాట్‌కి పంపాడు. లించ్ డౌన్ కౌంటీవాడు, బెల్‌ఫాస్ట్‌లో ఐరిష్ పాఠాలు చెప్పుకునేవాడు. అతను ఊరూరా తిరిగి, ఎవరికి పాటలు వచ్చో అడిగి, వాళ్ళు చెప్తుంటే రాసుకున్నాడు. డైరీ రాశాడు. డబ్బు పంపమని బెల్‌ఫాస్ట్‌కి ఉత్తరాలూ రాశాడు. ఈ కథలో నాకు హీరో ఎవరంటే లించ్ అంటాను. అభిమానులు ఎప్పుడూ వాయించేవాళ్ళ పేర్లే చెప్తారు, నేనూ అంతే. కాని చలిలో ఎవరో తెలియనివాళ్ళ గుమ్మం ముందు నిలబడి “మీకు ఆ పాట మొత్తం వచ్చా?” అని అడిగే మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు.

1809లో రెండో పుస్తకం వచ్చింది. అందులో పాటలకి మాటలు ఉన్నాయి, ఇంగ్లీషులో! లించ్ తెచ్చిన ఐరిష్ మాటలు అచ్చు కాలేదు. కొనేవాళ్ళకి ఐరిష్ రాదనేది ఒక కారణం. చరిత్రకారులు చెప్పే ఇంకో కారణం కూడా ఉంది. 1803లో థామస్ రసెల్ అనే తిరుగుబాటు నాయకుడిని ఉరి తీశారు. రసెల్ లించ్ దగ్గర ఐరిష్ నేర్చుకున్నవాడు. అతని మీద కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్ళలో లించ్ ఉన్నాడు. ప్రాణభయంతో చెప్పాడంటారు. రసెల్ స్నేహితులే బంటింగ్ పనికి అండగా నిలిచినవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళకి లించ్ పేరు వినడం ఇష్టం లేకపోయింది.

ఆ కాగితాలు వందేళ్ళు మూటలోనే ఉన్నాయి. షార్లట్ మిలిగన్ ఫాక్స్ అనే ఆవిడ బంటింగ్ మనవళ్ళ దగ్గర వాటిని కనిపెట్టి, 1911లో వాటి గురించి పుస్తకం రాసింది. తర్వాత డోనల్ ఓ సలివన్ 1927 నుంచి 1939 దాకా కూర్చుని, ఏ బాణీకి ఏ మాటలో జతచేసి అచ్చువేశాడు. 1792లో విడిపోయినవి మళ్ళీ కలవడానికి దాదాపు నూట యాభై ఏళ్ళు. ఆ కాగితాలు ఇప్పుడు ఇక్కడి క్వీన్స్ యూనివర్సిటీలో ఉన్నాయి.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలని ఉంది, మనలాంటివాడు కాబట్టి. అలాన్ స్టివెల్. ఫ్రాన్స్‌లో బ్రిటనీ అనే ప్రాంతం ఉంది, అక్కడి భాష బ్రెటన్, ఐరిష్‌కి దూరపు చుట్టం. అలాన్ పుట్టింది బ్రిటనీలో కాదు, పెరిగింది పారిస్‌లో. 1953లో వాళ్ళ నాన్న పాత బ్రెటన్ హార్ప్ ఎలా ఉండేదో ఊహించి, తన చేతులతో ఒకటి చేశాడు. పిల్లాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ముందు హార్ప్ వచ్చింది, భాష తర్వాత తనే నేర్చుకున్నాడు. స్టివెల్ అనేది అతను పెట్టుకున్న పేరు. బ్రెటన్‌లో ఊట అని అర్థం. 1972లో పారిస్‌లోని ఒలింపియా హాల్లో కచేరీ చేశాక ఫ్రాన్స్ అంతా అతని పేరు మోగిపోయింది. ‘సెల్టిక్ సంగీతం’ అనే మాట అంతగా వ్యాపించడానికి అతను పెద్ద కారణం. మా పబ్ వాళ్ళు మాత్రం ఆ మాట వాడరు, అది క్యాసెట్ల షాపువాళ్ళు పెట్టిన పేరని వెక్కిరిస్తారు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మమ్మ ఒక రోకటిపాట పాడేది. నా ఫోన్‌లో నలభై సెకన్ల రికార్డింగ్ ఉంది, ఆవిడ పోయే ముందు ఏడాదిది. సగం పాట, సగం కూనిరాగం. బాణీ నాకు పూర్తిగా వచ్చు, పబ్‌లో ఫ్లూటు వాయించే అమ్మాయికి నేర్పితే పది నిమిషాల్లో పట్టేసింది. అందరూ బాగుందన్నారు. “మాటలకి అర్థం ఏంటి?” అని పెద్దాయన అడిగాడు. నాన్న చెప్పిన జవాబే చెప్పబోయి ఆగిపోయాను.

అందుకే ఇప్పుడు ఆదివారాలు తెనాలిలో ఉన్న చిన్నమ్మమ్మకి ఫోన్ చేస్తున్నాను. “ఆ పాటా? అది మీ అమ్మమ్మకే సరిగ్గా రాదే” అంది మొదట. తర్వాత రెండు వారాల్లో మూడు చరణాలు చెప్పింది. నేను విన్నది విన్నట్టు రాసుకున్నాను. రెండు మాటలు నాకు దొరికిన ఏ నిఘంటువులోనూ లేవు, ఆవిడకీ అర్థం తెలియదు. ఒకటి రోకలికి సంబంధించిందేమో అంటుంది. నాలుగో చరణం వాళ్ళ వీధిలో ఒకావిడకి వచ్చట. ఈ ఆదివారం ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుంటానంది, సీరియల్ అయిపోయాక చెయ్యమంది.