కట్టర్ కత్తి (నిర్మాణ పనులు)

కట్టర్ కత్తి అనగా మార్చుకొనదగిన పలుచని ఉక్కు బ్లేడు గల చేతి పనిముట్టు. వీటిలో చాలా రకాలలో బ్లేడు పిడిలోనికి జరుగుతుంది. తెలుగునాట దీనిని కట్టర్ అనీ, పేపర్ కట్టర్ అనీ వ్యవహరిస్తారు. బ్రిటన్‌లో ఒక తయారీ కంపెనీ పేరు మీదుగా స్టాన్లీ నైఫ్ అని, అమెరికాలో బాక్స్ కట్టర్ అని పిలుస్తారు. నిర్మాణ స్థలాలలో జిప్సమ్ బోర్డులు, ప్లాస్టిక్ పట్టాలు, ఫోమ్ షీట్లు, ప్యాకింగు పట్టీలు, టైల్సు పెట్టెలు, సిమెంటు బస్తాలు కోయడానికి దీనిని వాడతారు. రంపము, గ్రైండరు వంటి పనిముట్లను చూసి జాగ్రత్తపడే పనివారు కూడా దీనిని ప్రమాదకరమైన వస్తువుగా భావించరు. చేతి గాయాలకు ఈ చులకన భావమే ఒక ముఖ్య కారణము.

రకాలు

కట్టర్ కత్తులు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది సమలంబ చతుర్భుజం ఆకారపు బ్లేడు కలది. సుమారు 0.6 మిల్లీమీటర్ల మందం గల ఈ బ్లేడుకు రెండు చివరలా మొన ఉంటుంది. ఒక వైపు మొద్దుబారితే తిప్పి బిగించుకోవచ్చును. రెండవది గీతల వద్ద ముక్కలుగా విరిచివేయగల పొడవాటి బ్లేడు కలది.

రెండవ రకాన్ని 1956లో జపాన్‌లోని ఒసాకా నగరంలో యోషియో ఒకడా రూపొందించాడు. ముద్రణాలయంలో కాగితం కోసే పనిలో బ్లేడు మొన మాత్రమే అరిగి, మిగిలిన భాగం వృథా కావడం అతడు గమనించాడు. చెప్పులు కుట్టేవారు పగిలిన గాజుపెంకుల అంచులతో అట్ట కోయడం, అమెరికన్ సైనికులు ఇచ్చే చాక్లెట్ పలక గీతల వద్ద విరగడం - ఈ రెండు జ్ఞాపకాల నుండి ఆలోచన పుట్టిందని చెబుతారు. అతడు నెలకొల్పిన సంస్థ పేరు ఓల్ఫా. జపనీస్ భాషలో విరవడం, బ్లేడు అనే అర్థాలు గల రెండు మాటల నుండి ఈ పేరు వచ్చింది. బ్లేడుపై గీతల వాలు 59 డిగ్రీలు. 9, 18 మిల్లీమీటర్ల వెడల్పులను తరువాత ఇతర తయారీదారులు కూడా అనుసరించారు. పనిముట్ల పెట్టెలో సులభంగా కంటపడేందుకు ఓల్ఫా కత్తికి పసుపు రంగు వేశారు. ఇసుక, చెత్త మధ్య పడిపోయిన కత్తిని కాలో చెయ్యో తగలకముందే గుర్తించవలసిన నిర్మాణ స్థలంలో ఇది చిన్న విషయం కాదు.

గాయాలు కలిగే తీరు

పదును తగ్గిన బ్లేడు పదునైన దానికంటె ప్రమాదకరము. ఇది వినడానికి విచిత్రంగా తోచినా కారణం సులభమైనదే. బ్లేడు మొద్దుబారిన కొద్దీ చేతితో ఎక్కువ బలం ప్రయోగించాలి. అంత బలంతో నొక్కుతున్నపుడు బ్లేడు పదార్థాన్ని తెంచుకొని ఒక్కసారిగా బయటకు వచ్చినా, ప్రక్కకు జారినా దానిని ఆపడం మనిషి వల్ల కాదు. కత్తి ఏ దిశలో లాగబడుతున్నదో ఆ దిశలోనే పోయి, ఎదురుగా ఏముంటే దానిని కోస్తుంది. తరచుగా ఎదురుగా ఉండేది స్కేలును అదిమిపట్టిన రెండవ చేయి. షీటును ఒడిలో గాని మోకాలిపై గాని పెట్టుకొని తనవైపు లాగి కోసేవారికి తొడ. తొడ లోపలి భాగంలో పెద్ద ధమని ఉన్నందున అక్కడి లోతైన గాయం కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయం కాగలదు.

వేళ్ళలో స్నాయువులు, నరాలు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. పైకి చిన్నదిగా కనిపించే గాటు లోపల స్నాయువును తెంచి ఉండవచ్చును. రక్తం ఆగింది గదా అని గుడ్డ కట్టుకొని పనిలోకి దిగిన మనిషికి తరువాత వేలు ముడవడం రాకపోవచ్చు. పట్టు కోల్పోయిన చేతితో తాపీ పట్టలేని మేస్త్రీకి, బరువు మోయలేని దినకూలీకి ఇది జీవనాధారానికి సంబంధించిన విషయము. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం నష్టంగా లెక్కించేవారు. చేతిపనియే ఆధారమైన వారికి అసలు నష్టం ఈ అంకెలలో ఇమిడేది కాదు.

బ్లేడు మార్చకపోవడానికి అజ్ఞానం కంటె పొదుపే ఎక్కువగా కారణమవుతుంది. కొలత లెక్కన కూలి తీసుకొనే పనివాడు తన డబ్బుతో కొన్న బ్లేడును చివరి దాకా వాడాలని చూస్తాడు. బ్లేడ్లను కాంట్రాక్టరే సరఫరా చేసి, పనిచేసే చోటనే అందుబాటులో ఉంచినట్లయితే ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

కోసే పద్ధతి

కోయవలసిన వస్తువును కదలని బల్లపై గాని చదునైన నేలపై గాని ఉంచాలి. అవసరమైనంత మేరకే బ్లేడును బయటకు తీయాలి. విరిచే రకపు బ్లేడును పొడవుగా తీస్తే మధ్యలో విరిగి ముక్క ఎగిరే అవకాశం ఉన్నది. స్కేలు పలుచనిదైతే బ్లేడు దానిపైకి ఎక్కి వేళ్ళను కోస్తుంది, కనుక మందపు అంచు గల ఉక్కు స్కేలు మేలు. దానిని పట్టుకొన్న వేళ్ళు కోతగీతకు ఆవల ఉండాలి. శరీరం కోతగీతకు ఎదురుగా కాక ఒక ప్రక్కగా ఉండాలి.

ఒకే ఊపులో లోతుగా కోయడానికి ప్రయత్నించరాదు. జిప్సమ్ బోర్డు ఇందుకు మంచి ఉదాహరణ. బోర్డు మొత్తాన్ని కత్తితో కోయనవసరం లేదు. ఒక వైపు కాగితపు పొరను, దాని క్రింది జిప్సమును కొద్దిగా గీసి, గీతకు వెనుకవైపు విరిస్తే బోర్డు ఆ గీత వెంబడి తెగుతుంది. తరువాత వెనుక కాగితాన్ని కోస్తే సరిపోతుంది. ఫాల్సు సీలింగు పనిలో నేర్పరులు ఈ విధంగానే చేస్తారు. అనుభవం లేనివారు నిచ్చెనపై నిలబడి, తలపై ఎత్తి పట్టుకొన్న బోర్డును కోయబోతారు. అది కూడదు. కొలత తీసుకొని క్రిందకు దిగి కోయాలి.

కత్తితో చెక్కముక్కలు పెకలించడం, డబ్బా మూతలు తీయడం, స్క్రూలు తిప్పడం చేయరాదు. పలుచని బ్లేడు ప్రక్క బలాన్ని తట్టుకోలేదు. విద్యుత్ ప్రవహిస్తున్న తీగల తొడుగును దీనితో తీయరాదు. సాధారణ కట్టర్ పిడి విద్యుత్ నిరోధకం కాదు. బ్లేడు బయట ఉండగా జేబులో వేసుకోవడం, మరొకరికి విసరడం ఎంత మాత్రము తగదు. పరంజాపై పనిచేసేటపుడు కత్తిని త్రాడుతో నడుము పట్టీకి కట్టుకోవాలి.

రక్షణ సాధనాలు

బొటనవేలు మీటను వదలగానే బ్లేడు లోనికి పోయే కత్తులు, బ్లేడు పదార్థాన్ని వీడగానే మీట నొక్కి ఉన్నా దానంతట అదే ముడుచుకొనే కత్తులు ఇపుడు లభిస్తున్నాయి. ప్యాకింగు పట్టీలకు, ప్లాస్టిక్ పొరలకు కొక్కెం వంటి గాడిలో బ్లేడు దాగి ఉండే రకం ఉత్తమము. అయితే లోతైన కోతలకు ఇవి అన్నివేళలా అనుకూలించవు, అందుచేత పాత రకం కత్తి పూర్తిగా తొలగిపోలేదు.

చేతితొడుగులకు ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 388 యొక్క 2016 సవరణలో కోత నిరోధకతకు ‘ఎ’ నుండి ‘ఎఫ్’ వరకు ఆరు శ్రేణులు ఉన్నాయి. ‘ఎ’ శ్రేణికి 2 న్యూటన్లు, ‘ఎఫ్’ శ్రేణికి 30 న్యూటన్ల బలం కనీస హద్దు. ఈ తొడుగులు అంచు కోతను ఆపుతాయి గాని మొన గుచ్చుకోవడాన్ని అంతగా ఆపలేవు. సాధారణ నూలు తొడుగులను కోత నుండి రక్షణగా ఎంచరాదు. బ్లేడు విరిచేటపుడు కళ్ళద్దాలు ధరించి, కటింగ్ ప్లేయరుతో పట్టుకొని, ముఖానికి దూరంగా క్రిందివైపుకు విరవాలి. విరిగిన ముక్కలను మూతగల గట్టి డబ్బాలో వేయాలి. ఊడ్చే స్త్రీలకు, చెత్త ఎత్తే కూలీలకు తగిలే గాయాలు ఎక్కడో పారవేసిన ఇటువంటి ముక్కల వల్లనే కావచ్చును.

ప్రథమ చికిత్స

గాయంపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా, ఎడతెగకుండా అదిమిపట్టి, చేతిని గుండె కంటె ఎత్తులో ఉంచాలి. రక్తం తడిసిందని గుడ్డను మాటిమాటికి తీసి చూడరాదు. దానిపైనే మరొకటి వేయాలి. గాయంలో పసుపు, కాఫీపొడి, సిమెంటు వంటివి వేయరాదు. వేలు తెగిపోయినచో, తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుపై ఉంచి రోగితో పాటు ఆసుపత్రికి పంపాలి. మంచును నేరుగా తగలనీయరాదు. వేలు కదలకపోయినా, స్పర్శ లేకపోయినా, గాయం చిన్నదైనా వైద్యునికి చూపాలి. ధనుర్వాతం టీకా విషయం కూడా అడగాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను ఇందుకు పిలవవచ్చును.

చట్టాలు

భారతదేశంలో భవన నిర్మాణ కార్మికుల భద్రతకు 1996లో ప్రత్యేక చట్టం, 1998లో కేంద్ర నియమావళి వచ్చాయి. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. నష్టపరిహార విషయం అదే రోజు నుండి సామాజిక భద్రతా కోడు పరిధిలోకి చేరింది. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇటువంటి కత్తిని బహిరంగ ప్రదేశంలో తగిన కారణం లేకుండా వెంట ఉంచుకోవడం నేరము. పనికి వెళ్ళిరావడం తగిన కారణంగా పరిగణించబడుతుంది. విమానాలలో దీనిని చేతిసంచిలో తీసుకొనిపోనీయరు. గల్ఫు దేశాలకు పనికి వెళ్ళేవారు పనిముట్లను తప్పనిసరిగా లగేజీలో వేయవలసి ఉంటుంది.