ట్యాపెట్ సెట్టింగ్ ఎవరి పని?

జాన్ మ్యూర్ లాక్‌హీడ్ విమానాల కంపెనీలో ఇంజినీరు. 1960లలో ఆ ఉద్యోగం, ఆ జీవితం రెండూ వదిలేసి న్యూమెక్సికో దారి పట్టాడు. 1969లో అక్కడ ఒక కారు రిపేరు పుస్తకాన్ని సొంతంగా అచ్చు వేశాడు. పేరు ‘హౌ టు కీప్ యువర్ వోక్స్‌వ్యాగన్ అలైవ్’. పీటర్ అష్వాండెన్ గీసిన బొమ్మలతో, ఇంజిన్ పక్కన నేలమీద తెరిచి పెట్టినా మూసుకుపోని స్పైరల్ బైండింగుతో వచ్చిన ఆ పుస్తకం ఇరవై లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఏమీ తెలియనివాళ్ల కోసమే రాశానని అట్టమీదే చెప్పుకున్నాడు. అందులో ఆయన పట్టుబట్టిన పని ఒకటుంది. ప్రతి 3,000 మైళ్లకు వాల్వుల సందు ఎవరి కారుకు వాళ్లే సరిచేసుకోవాలన్నాడు. మన మెకానిక్కుల మాటల్లో చెప్పాలంటే ట్యాపెట్ సెట్టింగ్.

ఇంత పట్టుదల ఎందుకో ఇంజిన్ లోపలికి వెళ్తే తెలుస్తుంది. ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు, గాలి లోపలికి వచ్చేందుకు ఒక వాల్వు, కాలిన పొగ బయటికి పోయేందుకు ఇంకో వాల్వు ఉంటాయి. క్యామ్‌షాఫ్ట్ తిరుగుతూ పుష్‌రాడ్‌ను తోస్తే, అది రాకర్‌ను, రాకర్ వాల్వును నొక్కుతాయి. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. మ్యూర్ రాసిన వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు ఆ ఖాళీ 0.15 మి.మీ. రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంత మందమో, ఇంచుమించు అంత.

ఖాళీ పెరిగితే టకటకమని మోత వస్తుంది, వాల్వు పూర్తిగా తెరుచుకోక లాగుడు తగ్గుతుంది. అది చెవిన పడుతుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టించుకుంటారు. ఖాళీ తగ్గితేనే అసలు భయం, ఎందుకంటే అప్పుడు ఇంజిన్ మునుపటికన్నా మెత్తగా వినిపిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు మీద ఆనినప్పుడే హెడ్‌లోకి వదులుకోగలదు. సరిగా ఆనకపోతే వేడికి దారి ఉండదు. అంచు కాలుతుంది, కాడ సాగుతుంది, సాగినకొద్దీ మిగిలిన కాస్త సందూ పోతుంది. చివరికి వాల్వు తల తెగి పిస్టన్ మీద పడిందంటే ఆ ఇంజిన్ పోయినట్టే.

బీటిల్‌లో ఈ గండం మూడో సిలిండర్‌కు ఎక్కువ. ఇంజిన్‌ను చల్లబరిచే ఫ్యాన్ గాలికి అడ్డంగా, సరిగ్గా ఆ సిలిండర్ దారిలోనే ఆయిల్ కూలర్ ఉండేది. గాలి అక్కడికి చేరేసరికే వేడెక్కేది. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి దానికి వేరే గాలి దారి ఇచ్చారు. అప్పటిదాకా ఆ సిలిండర్ బతుకు యజమాని శ్రద్ధ మీదే ఆధారపడింది. మ్యూర్ పట్టుదలకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

అలాగని డీలర్లను తీసిపారెయ్యడం న్యాయం కాదు. యుద్ధంలో దెబ్బతిన్న వోక్స్‌వ్యాగన్ వారి వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీని 1945లో బ్రిటిష్ సైన్యాధికారి ఐవాన్ హర్స్ట్ మళ్లీ నిలబెట్టాడు. 1948లో పగ్గాలు అందుకున్న హైన్రిచ్ నార్డాఫ్ మాత్రం సర్వీసు లేనిచోట కారు అమ్మకూడదని గట్టిగా నమ్మాడు. 1949లో అమెరికాలో కొనేవాళ్లే దొరకని ఆ కారు, 1968 ఒక్క ఏడాదిలోనే అక్కడ నాలుగు లక్షలకు పైగా అమ్ముడైంది. శిక్షణ పొందిన మెకానిక్కులు, విడిభాగాలు నిండిన అరలు లేకుండా ఓ విదేశీ కారును అంతమంది నమ్మి కొనరు. అయితే ఆ కార్లే చేతులు మారి విద్యార్థుల దగ్గరికి, చిన్న ఉద్యోగుల దగ్గరికి, ఊరూరా తిరిగే యువకుల దగ్గరికి చేరాయి. డీలర్ బిల్లు కట్టడం వాళ్లకు భారం. మ్యూర్ రాసింది వాళ్ల కోసం.

డబ్బు సంగతి అలా ఉంచినా, ఈ ఒక్క పనిలో ఇంటికి ఒక సహజమైన అనుకూలత ఉంది. బీటిల్ వాల్వుల సందు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వర్క్‌షాపుకు నడిపించుకెళ్లిన కారు వేడిగా ఉంటుంది. అది చల్లారేదాకా గంటల తరబడి చోటు అట్టిపెట్టాలి. పైగా అమెరికన్ డీలర్ల దగ్గర ఒక్కో పనికి ఇంత సమయమని ముందే కట్టి, దాని ప్రకారమే మెకానిక్‌కు కూలి ఇచ్చే పద్ధతి ఎక్కువ. ఆగితే నష్టపోయేది అతనే. ఇంటి ముందు రాత్రంతా నిలబడిన కారుకు తెల్లవారేసరికి ఆ చల్లదనం ఖర్చు లేకుండా వస్తుంది.

పని కూడా అంత జటిలమైనది కాదు. కారు వెనక నేలమీద కూర్చుని, వాల్వు కవర్‌ను పట్టి ఉంచే తీగను స్క్రూడ్రైవర్‌తో కిందికి లాగితే కవర్ ఊడి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ రోటర్ అంచుమీది గాటుకు ఎదురుగా వచ్చేదాకా పుల్లీ తిప్పితే ఒకటో సిలిండర్ సిద్ధం. అక్కడినుంచి పుల్లీని వెనక్కి అరచుట్టు చొప్పున తిప్పుతూ పోతే రెండు, మూడు, నాలుగు వరసగా వస్తాయి. లాక్‌నట్ వదులు చేసి, ఫీలర్ గేజ్ రేకును సందులో పెట్టి, అది కొంచెం పట్టుతో కదిలేలా స్క్రూ తిప్పాలి. నేర్పంతా ఆ తర్వాతే. లాక్‌నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా దానితో రవ్వంత తిరిగి, కుదిరిన కొలత చెదిరిపోతుంది. బిగించాక మళ్లీ కొలవాలి, తప్పితే మళ్లీ విప్పాలి. ఎనిమిది వాల్వులకూ ఆ ఓపిక చూపించేవాడు ఎవరైనా సరే, అతను యజమాని కానీ డీలర్ మెకానిక్ కానీ, ఆ కారుకు మేలు చేసినవాడే. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ సందు పోయినసారి కన్నా తగ్గిందని గమనించే అవకాశం మాత్రం, ప్రతిసారీ ఆ రేకు పట్టిన చేతికే ఎక్కువ.

మన దేశంలో ఈ విద్యను తరాలవారు అంబాసిడర్ బానెట్ కింద నేర్చుకున్నారు. 1958 నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఆ కారు, బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసురాలు. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు ఒక చక్కని లెక్క సరిపోతుంది. ముందునుంచి లెక్కపెట్టినప్పుడు ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఎనిమిదోది సెట్ చెయ్యాలి, మూడోది తెరుచుకుంటే ఆరోది. ఏ జత కూడినా తొమ్మిదే రావాలి. ఒకటి, నాలుగు సిలిండర్లు, అలాగే రెండు, మూడు సిలిండర్లు క్యామ్ మీద సరిగ్గా ఎదురెదురుగా పనిచెయ్యడమే దానికి కారణం. వాల్వుల వరస రెండు చివరలనుంచీ ఒకేలా ఉండటం కలిసొచ్చింది. ఆ కారణం తెలియకపోయినా లెక్క తప్పదు. మంచి యంత్రం తనను బాగుచేసే మార్గాన్ని తనలోనే ఎలా దాచుకుంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ లేదు.

ఈ పనినే లేకుండా చేసే ప్రయత్నం అంతకు చాలా ముందే మొదలైంది. 1930లో కాడిలాక్ తన పదహారు సిలిండర్ల ఇంజిన్‌లో, ఆయిల్ ఒత్తిడితో సందు దానంతటదే సర్దుకునే ఏర్పాటు పెట్టింది. ఖరీదైన కార్లతో మొదలైన ఆ హైడ్రాలిక్ పద్ధతి 1978లో అమెరికాలో అమ్మిన వోక్స్‌వ్యాగన్ వ్యానుకూ, 1993లో మెక్సికోలో తయారయ్యే బీటిల్‌కూ వచ్చింది. 2003 జులై 30న పుయెబ్లా ఫ్యాక్టరీలో చివరి బీటిల్ తయారైంది. మొత్తం లెక్క రెండు కోట్ల పదిహేను లక్షలు దాటింది.

హైడ్రాలిక్ లేని ఇంజిన్లు ఇప్పటికీ బోలెడున్నాయి. కొన్నిటిలో అదే పాత స్క్రూ, అదే లాక్‌నట్. ఇంకొన్నిటిలో సందు మార్చాలంటే క్యామ్‌షాఫ్ట్ విప్పి, సరైన మందం బిళ్లలు వెతికి పెట్టాలి. ఈ రెండో రకాన్ని ఇంట్లో ముట్టుకోవద్దనే అంటాను. బిళ్లల నిల్వ, టార్క్ రెంచీ, టైమింగ్ గుర్తులు తెలిసిన చెయ్యి, ఈ మూడూ మంచి వర్క్‌షాపులోనే ఉంటాయి.

ఇక యజమానికి ఎంచుకునే హక్కు ఉందా అన్నది చట్టాలదాకా వెళ్లింది. కారు సర్వీసు తమ డీలర్ దగ్గరే డబ్బిచ్చి చేయించుకుంటేనే వారంటీ అన్న షరతుకు అమెరికా 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టంతో అడ్డుకట్ట వేసింది. మన దగ్గర 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, లోపాలు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది ఆరోపణ. మొదటి ఫిర్యాదులో పేర్కొన్న మూడు కంపెనీల్లో వోక్స్‌వ్యాగన్ ఒకటి. కొన్ని కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి.

డీలర్‌కు డబ్బిచ్చి చేయించుకునేవారు ఒక్కటి అడిగి తీసుకోవచ్చు. ప్రతి వాల్వు దగ్గర సందు విప్పకముందు ఎంత ఉంది, బిగించాక ఎంత ఉంది అన్న అంకెలను సిలిండర్ వారీగా కాగితం మీద రాసి ఇమ్మనాలి. నిజంగా కొలిచినవాళ్లకు అది రెండు నిమిషాల పని. ఆ కాగితాన్ని కారు పుస్తకంలో దాచి, తర్వాతి సర్వీసు అంకెలతో పోల్చి చూస్తే, ఏ ఎగ్జాస్ట్ వాల్వు సందు మెల్లగా మూసుకుపోతోందో కారు ఆగిపోకముందే తెలుస్తుంది.