గాలపు తాడు: లావూ, బలమూ – కొలతలు నడిచిన దారి



ఎద్దుకు పలుపు కొనవలసి వస్తే మనం ఏం చేస్తాం? చేతిలోకి తీసుకుంటాం. పురి కొంచెం విప్పి లోపలి నార చూస్తాం. రెండు చేతులా పట్టి ఒక గుంజు గుంజుతాం. అంతటితో అది ఎన్నాళ్లు మన్నుతుందో మనకు తెలిసిపోతుంది. గాలపు తాడు దగ్గర ఈ పరీక్షలేవీ సాగవు. ఈనాడు బజారులో దొరికే జడ అల్లిక తాడు కుట్టు దారమంత సన్నంగా ఉంటుంది. గట్టిగా గుంజితే చెయ్యి కోసుకుంటుంది గాని తాడు తెగదు. అందుచేత చుట్ట మీద అచ్చువేసిన రెండు అంకెలను నమ్మి కొంటాం: లావు ఇన్ని మిల్లీమీటర్లు, బలం ఇన్ని కిలోలు అని.

ఆ అంకెలు నిజమా కాదా అన్నది నడిసముద్రంలో, వంజరమో సూర చేపో గాలానికి పడ్డ తర్వాత తేలితే లాభమేమిటి? చేప పోతుంది, గాలం పోతుంది, ఆ పూట పడవకు పోసిన నూనె ఖర్చూ పోతుంది. ఒడ్డుననే తేల్చుకోవడానికి ఉపాయాలున్నాయి. వాటి వెనుక అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే ఉపాయం మరచిపోం. కనుక ఈ రోజు ఆ సంగతి ముచ్చటించుకుందాం.

మొదట తాడు బలాన్ని పోగులు లెక్కపెట్టి చెప్పేవారు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే ఆయన 1653లో చేపల వేట మీద ఒక పుస్తకం ప్రకటించాడు. ఆ కాలంలో గాలపు తాడును గుర్రపు తోక వెంట్రుకలతో పేనేవారు. ఎన్ని వెంట్రుకలు కలిపితే అంత బలం. గాలం దగ్గర తక్కువ వెంట్రుకలు, పైకి పోయేకొద్దీ ఎక్కువ. లెక్క సులభమే. కాని వెంట్రుకలన్నీ ఒక్క తీరున ఉండవు గదా! లెక్క ఒకటే అయినా బలం ఒకటి కాదు.

తర్వాత పట్టుపురుగు నుంచి తీసిన తీగ వచ్చింది. పురుగు గూడు కట్టుకోబోయే ముందు దానిని పులిసిన ద్రావకంలో నానవేసి, లోపలి పట్టు తిత్తిని బయటికి తీసి తీగలాగా సాగదీసేవారు. స్పెయిన్ దేశంలోని మూర్షియా ప్రాంతం ఈ పనికి పేరుపడింది. ఆ తీగను రేకుకు పొడిచిన రంధ్రాలగుండా లాగి సన్నం చేసేవారు. దాని లావును ఎక్స్ అనే గుర్తుతో చెప్పడం అలవాటయింది. సున్నా ఎక్స్ అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదకొండు. 5 ఎక్స్ అంటే పదకొండులో అయిదు పోగా ఆరు. ఆ తీగ ఏనాడో మూలపడింది గాని, ఆ లెక్క నేటికీ సన్న గాలపు దారాల మీద కనబడుతూనే ఉన్నది. అయితే ఒకే 5 ఎక్స్ లావు గల పట్టుతీగా, నైలాను తీగా ఒకే బరువు దగ్గర తెగవు. లావు చెప్పినంత మాత్రాన బలం చెప్పినట్టు కాదన్న పాఠం ఇక్కడే ఉన్నది.

మరి మెత్తని పోగులతో చేసిన తాడు లావును కొలవడం ఎలా? ఇందుకు జవాబు నేతగాళ్ల దగ్గర దొరికింది. దారాన్ని మరగేజీలో పెడితే నొక్కినకొద్దీ అణుగుతుంది. ఎంత నొక్కితే అంత సన్నమన్నమాట. అందుకని వారు లావును కొలవలేదు, తూచారు. నూలుకు నంబరు అంటామే, అది ఇదే: 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతుందో అది ఆ నూలు నంబరు. పొందూరు ఖద్దరుకు 100 నంబరు నూలు అంటే, 84,000 గజాలు ఒక్క పౌనే తూగుతుందని అర్థం. పట్టు నేతవారు తమ లెక్కకు డెనియర్ అనే పాత ఫ్రెంచి నాణెం పేరు పెట్టుకున్నారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నంబరు పెరిగితే నూలు సన్నబడుతుంది, డెనియర్ పెరిగితే దారం లావెక్కుతుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకోవలెను.

ఇక బలం సంగతి. ఇటలీ దేశంలో 1452 నుంచి 1519 వరకు జీవించిన లియొనార్డో డావించి గొప్ప చిత్రకారుడని అందరికీ తెలుసు. ఆయన ఇనుప తీగ బలం తేల్చడానికి ఒక సాధనం గీసిపెట్టాడు. తీగకు ఒక బుట్ట వేలాడదీసి, పైనుంచి సన్నని రంధ్రంగుండా ఇసుక జారవిడవాలి. తీగ తెగి బుట్ట పడగానే ఇసుక ఆగిపోయే ఏర్పాటుండాలి. అప్పుడు బుట్టలోని ఇసుకను తూచాలి. అంతేకాదు, తీగ ఎక్కడ తెగిందో గుర్తించాలి, మళ్లీమళ్లీ చేసి చూడాలి, తర్వాత పొడవు సగం చేసి ఇంకెంత బరువు మోస్తుందో చూడాలి అని కూడా రాసుకున్నాడు. ఒక్క బుట్ట, కాస్త ఇసుక! మన ఊళ్లో ఎవరైనా చెయ్యగలిగిన పనే.

పొడవు సంగతి తర్వాతివారిని కూడా ఆలోచింపజేసింది. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలో తాడును గురించి చర్చించాడు. మూరెడు రెండు మూరల నారలు వంద మూరల తాడుగా ఎలా పట్టి ఉంటున్నాయి? పురి పెట్టినప్పుడు నారలు ఒకదానినొకటి నొక్కుకుంటాయి, ఆ రాపిడే వాటిని జారనివ్వదు అని ఆయన సమాధానం. మరి పొడుగాటి తాడు పొట్టి తాడుకంటె ముందుగా ఎందుకు తెగుతుంది? ఇంగ్లండులో నూలు పరిశోధన చేసిన ఎఫ్.టి. పియర్స్ 1926లో దీనిని లెక్కకట్టి చూపాడు. గొలుసు బలం దాని నాసి లంకె బలమే. తాడు పొడవెక్కినకొద్దీ అందులో ఒక నాసి చోటు ఉండే అవకాశం ఎక్కువ. చేద తాడు అరిగిన చోటనే తెగినట్టు, వంద మీటర్ల గాలపు తాడు కూడా తన నాసి చోటనే తెగుతుంది. కాబట్టి ఒక్క ముక్క తెంపి చూసి చుట్ట అంతటికీ తీర్పు చెప్పకూడదు.

మూడో పాఠం నీళ్లు నేర్పాయి. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పెద్ద సూర చేపలను గాలంతో పట్టేవారు 1898లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. వారు వాడినది అవిసె నారతో పేనిన తాడు. 24 పోగులకు మించిన తాడు వాడరాదని వారి కట్టుబాటు. పోగుకు రమారమి 3 పౌన్ల బలం అని లెక్క, అదీ తడిసినప్పుడు. అవిసె నార, నూలు తడిస్తే బలం పెరుగుతాయి. 1939లో ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ ఏర్పడింది. రికార్డు కోరే వారి తాడు ముక్కను నేటికీ ఆ సంస్థ తడిపే పరీక్షిస్తుంది. చేప ఉండేది నీళ్లలోనే గదా!

1938లో అమెరికాలో నైలాను సంగతి లోకానికి వెల్లడయింది. నూలు వలలు, జనుము తాళ్లు వాడేవారికి కుళ్లు అన్నది నిత్యం ఉండే బాధ. బెరడు కషాయంలో ఉడకబెట్టడం, ఎండలో ఆరవేయడం తీరని పని. నైలాను కుళ్లదు. ఆ ఒక్క గుణంతో అది తీరమంతా అల్లుకుపోయింది. కాని నైలాను స్వభావం నూలుకు తిరగబడి ఉంటుంది: తడిస్తే దాని బలం పదో వంతు వరకు తగ్గుతుంది. పొడి పరీక్ష నూలును తక్కువచేసి చెబితే, నైలానును ఎక్కువచేసి చెబుతుంది! 1957లో ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ జర్మనీలోని హాంబర్గులో వేట సాధనాల మీద మహాసభ జరిపింది. దారాల నంబర్లు ఏ దేశానికి ఆ దేశం వేరుగా ఉండడం అక్కడ చర్చకు వచ్చిన విషయాలలో ఒకటి. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వెలసినదీ 1957లోనే. తర్వాతి కాలంలో వల దారాన్ని ఉత్తగానూ, ముడివేసీ తెంపి చూసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

ఇప్పుడు జడ అల్లిక దగ్గరికి వద్దాం. పేనిన తాడుకు ఒక చిక్కున్నది: బరువు పడితే పురి విప్పుకోజూస్తుంది, మెలిపడుతుంది. జడ అల్లితే సగం పేటలు కుడికి, సగం ఎడమకు పోతాయి గనుక మెలి ఉండదు. నాలుగు పేటలు, ఎనిమిది పేటలు సాధారణం. బిగువుగా అల్లితే తాడు గుండ్రంగా, నున్నగా ఉంటుంది గాని పోగులు వంకర తిరిగి బలం కొంత తగ్గుతుంది. వదులుగా అల్లితే పోగులు తిన్నగా ఉండి బలం నిలుస్తుంది గాని తాడు చదునై, మెత్తబడుతుంది.

ఈ అల్లికకు కొత్త పోగు హాలెండు నుంచి వచ్చింది. అక్కడి డి.ఎస్.ఎం. కంపెనీలో పాల్ స్మిత్, పీట్ లెమ్స్ట్రా అనేవారు 1979 ప్రాంతంలో పాలిథీన్‌ను జిగురు ద్రావణం నుంచి పోగుగా లాగి, బాగా సాగదీసే పద్ధతి కనిపెట్టారు. 1990లో డైనీమా పేరుతో అక్కడ దాని ఉత్పత్తి వ్యాపార స్థాయిలో మొదలైంది. అమెరికాలో ఇటువంటిదే స్పెక్ట్రా. ఇది నీటిలో తేలుతుంది, నీరు పీల్చదు, ఎత్తుకు ఎత్తు ఉక్కును మించిన బలం. లోపమేమంటే ఇది నున్నన, ముడి జారుతుంది. వేడికి ఓర్వదు.

చిత్రమేమిటంటే, ఇంత కొత్త తాడుకు పాత చిక్కే మళ్లీ వచ్చింది. జడ మెత్తన గనుక నొక్కి కొలిస్తే ఎంత సన్నమైనా చెప్పవచ్చు. సన్నంగా ఉండి బలమైనదే అమ్ముడుపోతుంది గనుక కొన్ని చుట్టల మీద లావు తగ్గించి, బలం పెంచి అంకెలు వేస్తారు. జపానువారు నేతగాళ్ల దారి పట్టారు. వారి లెక్కలో ఒకటో నంబరు జడ తాడంటే 200 డెనియర్లు. మనమూ అదే దారిని పోదాం.

"అయ్యా, అదంతా ప్రయోగశాలలో పని, మా వల్ల అవుతుందా?" అని అడుగుతారేమో. అవుతుంది, వినండి.

తాడు 100 మీటర్లు కొలిచి, కంసాలి త్రాసులో తూచండి. వచ్చిన గ్రాములను 90తో గుణిస్తే డెనియర్లు. 10 గ్రాములు తూగిందనుకోండి, 900 డెనియర్లు. ఈ పాలిథీన్ పోగు డెనియరుకు 30 నుంచి 40 గ్రాముల బరువు ఆపుతుంది, మేలిరకమైతే కొంచెం పైన. అంటే ఆ తాడుకు 27 నుంచి 36 కిలోలు. అల్లికలో పోయేది, ముడిలో పోయేది ఇంకా తీసివేయాలి. అటువంటి చుట్ట మీద 60 కిలోలని ఉంటే నమ్మనక్కరలేదు. లావూ ఇందులోనే తేలుతుంది. అదే తాడును గాలి సందు లేకుండా ముద్దచేసినా 0.36 మిల్లీమీటరుకు తగ్గదు. 0.25 అని ఉంటే అది తప్పు. తూకం నాలుగు రెట్లయితే లావు రెండు రెట్లే అవుతుందని కూడా గుర్తుంచుకోండి. తాడుకు రంగు, మైనం పూత ఉంటే దాని బరువూ ఇందులో కలిసే ఉంటుంది. అంటే అసలు పోగు ఇంకా తక్కువే.

తర్వాత లియొనార్డో బుట్ట. తాడును దూలానికి ముడివేయకండి. ముడి దగ్గరే తెగి తప్పు లెక్క చెబుతుంది. నున్నని ఇనుప గొట్టానికి ఎనిమిది పది చుట్లు చుట్టి, ఆపైన కొస కట్టండి. కిందికొస కూడా మరో గొట్టం ముక్కకు అలాగే చుట్టి, దానికి బొక్కెన తగిలించండి. బొక్కెన నేలకు నాలుగంగుళాల ఎత్తునే ఉండాలి. చెంబుతో మెల్లగా నీళ్లు పొయ్యండి. లీటరు నీరు ఒక కిలో. బొక్కెన బరువు కలుపుకోండి. పెద్ద తాడైతే బొక్కెన బదులు ఇసుక బస్తా. తాడును చేతికి చుట్టుకోరాదు, తెగే వేళ ముఖం దగ్గర పెట్టరాదు, పిల్లలను దగ్గరికి రానివ్వరాదు.

చుట్టలో అయిదు చోట్ల నుంచి ముక్కలు తీసి తెంపండి. సగటు కాదు, అన్నిటికంటె తక్కువ వచ్చిన అంకె రాసుకోండి. నైలాను అయితే రెండు గంటలు నానబెట్టి తెంపండి. చివరగా, గాలానికి మీరు రోజూ వేసే ముడినే వేసి తెంపండి. సరిగా పడని ముడితో ఈ జడ తాడు సగం బలమైనా నిలుపుకోదు. ముడి దగ్గర వచ్చిన అంకె ఏదో అదే మీ తాడు బలం. చుట్ట మీది అంకె కాదు.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఒక త్రాసు, ఒక బొక్కెన, రెండు గొట్టం ముక్కలు చాలు. వేట సెలవు కాలంలో ఒక సాయంత్రం రేవులో పదిమందిని కూర్చోబెట్టి, బజారులో దొరికే మూడు నాలుగు రకాలు తెచ్చి వారి చేతనే తెంపించండి. వచ్చిన అంకెలు పలక మీద రాసి సంఘం కార్యాలయంలో తగిలించండి. మరుసటి ఏడాది తాళ్లు కొనేటప్పుడు ఆ పలకే వారికి సలహాదారు.

పోగు లెక్కపెట్టడం చాలదు, తూచాలి. తూచడం చాలదు, తెంపాలి. తెంపడం చాలదు, తడిపి, ముడివేసి తెంపాలి. ఒక్కొక్క మాట వెనుక ఎందరో పోగొట్టుకున్న చేపలున్నాయి. మనం మళ్లీ పోగొట్టుకోనక్కరలేదు.