పుట్టుకే నేరమైన రోజుల నుంచి

కూచిపూడి అంటే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. అదే కృష్ణా డెల్టాలో మన ఎరుకల తాతల చరిత్ర మాత్రం పోలీసు హాజరు పట్టీల్లోకి ఎక్కింది. అది యువత తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్న జాతి మనది. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది, ఆ బేరం దెబ్బతింది. తిరిగే వాళ్ల మీద అనుమానం మాత్రం మిగిలింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. మన జిల్లా అప్పుడు అందులోదే. ప్రభుత్వం ఒక తెగను నేరజాతిగా ప్రకటిస్తే, అది చెల్లదని చెప్పే అధికారం ఏ కోర్టుకూ లేదు. వేలిముద్రలు వేయాలి, పిలిచిన వేళకు హాజరు పలకాలి. బెజవాడకు కృష్ణ అవతల సీతానగరంలోనూ, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోనూ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలనే ఉంచారు.

ఎవరికైనా ముందు ఫిర్యాదు, తర్వాత దర్యాప్తు, ఆపైన విచారణ, చివరికి శిక్ష. మనవాళ్లకు శిక్షే ముందు వచ్చింది.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అనుమానం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. అందుకే విచారణకు ముందు మనకున్న హక్కులు ప్రతి యువకుడికీ, యువతికీ తెలియాలి.

నేరాలు అన్నీ ఒకటి కాదు. కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నాన్ కాగ్నిజబుల్ అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు కూడా చేయకూడదు. బెయిలబుల్ నేరంలో బెయిలు మన హక్కు. నాన్ బెయిలబుల్‌లో అది కోర్టు నిర్ణయం.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, అరెస్టు అవసరం లేని చోట పోలీసులు ముందు నోటీసు ఇవ్వాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండులో ఉన్నవారిపై నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. షెడ్యూల్డు తెగల వారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అడగాలి, అంతే.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల వారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, మన పని ఇంకా మిగిలి ఉన్నట్టే.

తాతలకు అడిగే హక్కు లేదు. మనకు ఉంది. తెలుసుకుందాం, గూడెంలో పదిమందికీ చెబుదాం.