సురభి నాగేశ్వరరావు

రేకందార్ నాగేశ్వరరావు ప్రముఖ తెలుగు రంగస్థల నటుడు, దర్శకుడు, నాటక సమాజ నిర్వాహకుడు. సురభి బాబ్జీ అన్న పేరుతో సుప్రసిద్ధుడు. సురభి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలికి దశాబ్దాల పాటు సారథ్యం వహించాడు. 2013లో భారత ప్రభుత్వం ఇతనిని పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 2022 జూన్‌లో మరణించాడు.

నేపథ్యం

సురభి నాటక సంప్రదాయం 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ఆరంభమైంది. మహారాష్ట్ర ప్రాంతం నుండి వలస వచ్చి తోలుబొమ్మలాట వృత్తిగా జీవించిన కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు ఆ ఏడాది కీచకవధ నాటకాన్ని ప్రదర్శించాడు. పురుషులే స్త్రీ వేషాలు ధరించే ఆ కాలంలో స్త్రీ పాత్రలను స్త్రీలే పోషించడం సురభి ప్రత్యేకత. కుటుంబాలు పెరిగిన కొద్దీ శాఖలు ఏర్పడి, ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు ఆంధ్రదేశమంతటా తిరిగి నాటకాలు ఆడాయి. వాటిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని 1937లో రేకందార్ చిన వెంకటరావు జిమిడిపేటలో స్థాపించాడు. నాగేశ్వరరావు ఆ కుటుంబంలోనే పుట్టి రంగస్థలం మీదనే పెరిగాడు.

సమాజ నిర్వహణ

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో (1932) సురభి కళాకారులు నటించారు. సురభి కమలాబాయి లీలావతి పాత్ర ధరించింది. అయితే ఆ సినిమాయే, తరువాత టెలివిజనూ నాటకాల ప్రేక్షకులను తగ్గించాయి. సురభి సమాజాలు క్రమంగా ఐదుకు తగ్గాయి. నాగేశ్వరరావు నాయకత్వ కాలమంతా ఈ క్షీణతను ఎదుర్కొనడంతోనే గడిచింది.

సురభి నాటకానికి ఖర్చు తగ్గించుకోవడం సులభం కాదు. మాయాబజార్, పాతాళభైరవి, భక్త ప్రహ్లాద, లవకుశ వంటి నాటకాలకు చిత్రించిన తెరలు, తీగలు, కప్పీలు, దీపాలు, వాద్యబృందం అన్నీ కావాలి. నారదుడు ఆకాశంలో విహరించడం, బాణాలు ఢీకొని నిప్పులు రాలడం, ఘటోత్కచుని నోటిలోకి లడ్లు ఎగిరిపోవడం ప్రేక్షకులు కోరి చూసే దృశ్యాలు. వీటిని తొలగిస్తే సురభి నాటకమే మిగలదు. నాగేశ్వరరావు ఈ హంగులను వదలకుండా మండలిని నడిపాడు. సమాజం హైదరాబాదులో స్థిరపడిన తరువాత పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణం దాని ప్రదర్శనలకు వేదికగా నిలిచింది. శేరిలింగంపల్లిలోని సురభి కాలనీ కళాకారుల నివాస స్థలం.

శిక్షణ

సురభిలో శిక్షణకు వేరే పాఠశాల లేదు. పసిబిడ్డలే బాలకృష్ణుడుగా రంగస్థలం ఎక్కుతారు. బాలబాలికలు లవకుశులు, ప్రహ్లాదుడు వంటి వేషాలు వేస్తూ, పెద్దల పద్యాలు రోజూ వింటూ సంభాషణలు, రాగాలు నేర్చుకొంటారు. నటనతో పాటు హార్మోనియం, తబలా, తెరల చిత్రణ, రూపాలంకరణ, దీపాల అమరిక, యంత్రాలను నడపడం కూడా ఈ విద్యలో భాగమే. ఒక నటుడు వయసును బట్టి అదే నాటకంలో అనేక పాత్రలు ధరిస్తాడు. కాబట్టి సమాజ నిర్వాహకుడే దర్శకుడు, గురువు కూడా అవుతాడు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది: ప్రదర్శనలు సాగినంత కాలమే శిక్షణ సాగుతుంది.

కారంత్ శిబిరం

1990 దశకంలో ప్రసిద్ధ కన్నడ దర్శకుడు, జాతీయ నాటక పాఠశాల మాజీ సంచాలకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులకు శిక్షణ శిబిరం నిర్వహించాడు. ఆయన దర్శకత్వంలో భీష్మ, చండీప్రియ, బస్తీదేవత యాదమ్మ నాటకాలు రూపొందాయి. చివరిది జర్మన్ రచయిత బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ. భూమి మీద మంచి మనిషిని వెదుకుతూ దిగివచ్చిన దేవతలకు ఒక పేద స్త్రీ ఆశ్రయమివ్వడం మూలకథ. పౌరాణిక, జానపద నాటకాలకు అలవాటుపడిన నటులకు ఇది కొత్త అభ్యాసం. పాత నాటకాలు విడిచిపెట్టకుండానే ఆధునిక నాటకాన్ని కూడా సురభి ఆడగలదని ఈ ప్రదర్శనలు నిరూపించాయి.

గుర్తింపు

2011 సంవత్సరానికి నాగేశ్వరరావుకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 2013లో మండలి ఫ్రాన్స్‌లో నాటకాలు ప్రదర్శించింది. పద్మశ్రీ అందుకొన్నదీ ఆ ఏడాదే. తోటి సురభి సమాజాలు అనేకం మూతపడగా, వాటితో పాటు వాటిలోని శిక్షణ కూడా ఆగిపోయింది. నాగేశ్వరరావు తన మండలిని నిలపడం వలన నటనతో పాటు తెర వెనుక విద్యలు కూడా తరువాతి తరానికి అందాయి.